తలనొప్పి మాత్ర

మూర్ఛ ఉన్నవాళ్ళకు అండగా నిలిచే మా సంస్థలో ఫోన్లు ఎత్తే ఉద్యోగం కోసం ఒకమ్మాయి వచ్చింది. ఆమెను లోపలికి పిలిచేలోపు నేను నీళ్ళ ఫిల్టరు దగ్గర నిలబడి గులాబీ రంగు మాత్ర ఒకటి మింగాను.

"తలనొప్పి," అన్నాను, ఆమె చూస్తుంటే.

"నాకు ఫిట్స్ వస్తాయక్కా. లోపల చెప్పమంటారా?"

"ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ చెప్తావు? దాచొద్దనే కదా మేం ఊరంతా తిరిగి గొంతు చించుకునేది!"

చెప్పింది.

కాసేపటికి డైరెక్టరు గారు నన్ను పిలిచారు. "పిల్ల బంగారం. కానీ ఫోన్లో మాట్లాడుతూ పడిపోతే? అవతలివాళ్ళు హడలిపోరూ? నొప్పించకుండా నువ్వే చెప్పి పంపెయ్యమ్మా."

అవతలివాళ్ళదీ అదే జబ్బు కదండీ, అనబోయాను. ఆయన వెనక గోడ మీద 'మూర్ఛ పనికి అడ్డు కాదు' అన్న మా పోస్టరు ఉంది. ఆ మాట రాసింది నేనే. సరేనని తలూపాను.

బయట ఆమె నా ముఖం చూస్తూనే లేచి సంచి భుజాన వేసుకుంది. మెట్ల దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, గొంతు తగ్గించింది.

"ఆ గులాబీ మాత్ర నేనూ వేసుకుంటానక్కా. మీరైనా ఇక్కడెవరికీ చెప్పకండి."