యజమాని చీటీ

"ఉపన్యాసం ఏడు నిమిషాలు దాటిపోనాది వదినా," అంది రుక్మణి, ఫోనులో టైము చూస్తూ.

"దాటనీ! ఈసారి కూడా కప్పు ఆ కళైవాణికే పోతే, జార్జ్ టౌన్‌లో నేనిక తలెత్తుకు తిరగలేను," అంది మనీష.

కళైవాణిది పక్క ఫ్లాటే. పుట్టింది మన దేశంలో కాదు, ఇక్కడే; ఇంట్లో మాట్లాడేది తమిళం. నాలుగు తెలుగు ముక్కలు కూడబలుక్కునే మనిషికి, వరసగా రెండేళ్ళు తెలుగు సంఘం వక్తృత్వపు కప్పు! మనీషకి కడుపు మండిపోదూ మరి?

దానికి తోడు రుక్మణి. పెద్దమ్మ వైపు దూరపు చుట్టం. శ్రీకాకుళం నుంచి వచ్చి రెండేళ్ళుగా మనీష ఇంట్లోనే పనులు చేస్తూ ఉంటోంది. రుక్మణి యాసా, కళైవాణికి తాతల నుంచి వచ్చిన ఆ కాస్త తెలుగు యాసా ఒక్కటే. లిఫ్టు దగ్గర ఎదురుపడితే చాలు, ఇద్దరికీ ఒకటే కబుర్లు.

"నా ఉపన్యాసం గురించి కూపీ లాగుతోందా ఏంటి?"

"నేదొదినా. నా గురించే. ఊరెప్పుడెల్తావని అడిగింది."

"ఆవిడకెందుకంట! నిన్ను ఇంటి మనిషిలా చూసుకుంటున్నది నేను. సరే, విను."

అమెరికా దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి ఎందుకు విడిపోయాయన్నది ఈ ఏటి అంశం. మనీష గొంతు సవరించుకుంది.

"బానిసత్వాన్ని కొత్త ప్రాంతాలకు పాకనివ్వనన్నవాడు అధ్యక్ష ఎన్నికల్లో గెలిచాడు. అంతే! దక్షిణ కరొలైనా విడిపోయింది, దాని వెనకే మరో పది రాష్ట్రాలు. పారిపోయిన బానిసల్ని ఉత్తరాది వాళ్ళు పట్టి అప్పగించడం లేదని కూడా వాళ్ళ ఏడుపు. హక్కులట, హక్కులు! మనిషిని సొంతం చేసుకునే హక్కు!"

"మరా బానిసలు ఎలిపోకూడదేటి వదినా?"

"ఎలా వెళ్తారే పిచ్చిదానా? యజమాని రాసిచ్చిన చీటీ చేతిలో లేకుండా రోడ్డెక్కితే పట్టుకునేవారు."



ఆదివారం తెలుగు సంఘం హాల్లో మనీష ఆ చీటీ సంగతి కూడా కలిపి చెప్పింది. చప్పట్లే చప్పట్లు. వెనక వరసలో రుక్మణి వెక్కి వెక్కి ఏడ్చింది. అది చూసి మనీషకి ఎంత గర్వమో! కప్పు ఆమెకే వచ్చింది.

"ఎంత బాగా సెప్పినావు లా! ఆ సీటీ మాట ఇని నాకూ ఏడుపొచ్చినాది," అని, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే ఆ 'లా'తో సహా, మనీష చెయ్యి పట్టుకుని ఊపింది కళైవాణి. ఆ వెంటనే వెళ్ళి రుక్మణి పక్కన కూర్చుని, ఆమె కళ్ళు తుడిచింది.

ఓడిపోయి కూడా రుక్మణిని తనవైపు లాక్కుంటోంది, ఎంత టక్కరిది! మనీష గబగబా వెళ్ళి రుక్మణి రెక్క పట్టుకుని లేవదీసింది.

"పద పద, ఇంటికి."

కప్పుని హాల్లో పెడితే కళైవాణి దిష్టి తగులుతుందని, ఇంటికి రాగానే పడగ్గదిలో బీరువా తెరిచింది. రుక్మణి గుమ్మం దగ్గరే నిలబడింది.

"వదినా, మాయమ్మకి ఒంట్లో బాగోనేదు. ఈ నెలైనా ఊరెల్తాను."

"చూద్దాంలే," అంది మనీష, కప్పుని కొంగుతో తుడుస్తూ.

రుక్మణి పాస్‌పోర్టు పక్కనే కప్పు పెట్టి, తాళం వేసింది.