పెద్దమేస్త్రీ కింద గొర్రెతోళ్ళు

ఈ కథలో ఒక్క అబద్ధం లేదు. ఫెస్ పట్నం పాత ఊరి సందుల్లో నిజం తప్ప పలకని ముసలివాణ్ణి నేనొక్కణ్ణే. కావాలంటే ఎవరినైనా అడగండి, మా ఆవిడని తప్ప.

లార్బీ చేతిలోంచి సుత్తి జారిపడింది. నక్షత్రం కావలసిన పచ్చపెంకు రెండు ముక్కలైంది.

"మళ్ళీనా?" అన్నాడు థామీ మేస్త్రీ తల ఎత్తకుండానే.

"వేళ్ళు ఉన్నాయో లేవో తెలియట్లేదు మేస్త్రీ. పొద్దున చొక్కా బొత్తాలు కూడా మా ఆవిడే పెట్టింది."

"అదృష్టవంతుడివి. నా పెళ్ళాం చెప్పులు కూడా అందివ్వదు."

ఎవరూ నవ్వలేదు. నవ్వే ఓపిక ఎవరికీ లేదు. ఆ పెంకుల కొట్టులో పనివాళ్ళంతా నేల మీదే కూర్చుంటారు. ఒక మోకాలు మడిచి, దాయి అనే చిన్న ఇనుప దిమ్మ మీదికి వంగి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రంగుపెంకుల్ని సుత్తితో చెక్కుతారు. ఊళ్ళో గోడల మీద మెరిసే నక్షత్రాలన్నీ అలాగే పుట్టాయి. నడుములూ మణికట్లూ అలాగే పోయాయి.

"ఇంతకీ డాక్టరమ్మ ఏమంది?" అడిగాడు థామీ.

"మణికట్టులో నరం నలుగుతోందట. సుత్తి పిడికి తోలు చుట్టి లావు చెయ్యమంది. మధ్యమధ్య సుత్తి కింద పెట్టి వేళ్ళు చాపమంది. పీట మీద కూర్చుని, దాయిని మోచేతి ఎత్తుకి లేపుకోమంది. ఇలాగే నేల మీద కూర్చుంటే చలికాలం నాటికి సుత్తి సంగతి మరిచిపొమ్మంది."

పిడికి తోలు చుట్టుకున్నాడు. వేళ్ళు చాపుతూనే ఉన్నాడు. పీట దగ్గరే వచ్చింది చిక్కు.

థామీ గుమ్మం వైపు చూశాడు. అక్కడ గొర్రెతోలు మీద, నేలనే కూర్చుని ఉన్నాడు హాజీ కద్దూర్, పెద్దమేస్త్రీ. థామీకి పని నేర్పిన గురువు. ఇప్పుడు సుత్తి పట్టడు. పొద్దున్నే వచ్చి, "యా లతీఫ్" అని దయగల దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చుని, చెక్కిన పెంకుల అంచుల్ని బొటనవేలితో తడిమి చూస్తుంటాడు. ఆ "యా లతీఫ్" తమ పని మీది విసుగేనని అందరికీ భయం. గురువు కంటే ఎత్తున కూర్చున్న పనివాడు ఆ వీధిలో ఇంతవరకు పుట్టలేదు.

"ఆయన నేల మీదుంటే నేను పీటెక్కనా? నేనెక్కకుండా నువ్వెక్కుతావా?" గొణిగాడు థామీ.

"ఓసారి అడగరాదూ?"

"నువ్వే అడుగు."

"నేనా? గురువు మీకు కదా!"

"అందుకే అడగలేను. చిన్నప్పుడు ఓ రోజు గోడకి ఆనుకుంటే, 'ఏరా, పడిపోతోందా, పట్టుకున్నావు?' అన్న మనిషి."

లార్బీ మొద్దుబారిన చేతిని ఒళ్ళో పెట్టుకుని నిమురుకున్నాడు. "ఇది పోతే నాకు ఇంకే పనీ రాదు మేస్త్రీ."

థామీ లేవబోయి, నడుం పట్టేసి, మళ్ళీ కూలబడ్డాడు.

కాసేపటికి లార్బీయే అన్నాడు, "మనం ఎక్కకూడదు, సరే. ఆయన్ని ఎక్కిస్తే?"

"ఎక్కడికి?"

"పైకి. కొంచెం కొంచెంగా."

హాజీకి చూపు మందం. బక్రీదు వెళ్ళి ఎన్నాళ్ళో కాలేదు, ఏ ఇంట చూసినా గొర్రెతోళ్ళే. ఆయన మధ్యాహ్నం నమాజుకి వెళ్ళగానే, ఆయన తోలు కింద ఇంకో తోలు దూర్చారు. మర్నాడు ఇంకొకటి. ఆయన ఎత్తు పెరిగిన కొద్దీ థామీ కింద ఓ చెక్క, లార్బీ కింద కాస్త పలచటి చెక్క, దాయిల కింద ఇటుకలు. కొట్టు కొట్టంతా పులిసిన పిండిలా మెల్లగా పైకి లేచింది.

ఓ రోజు హాజీ గుమ్మం తడిమి, "థామీ, ఇది పొట్టిదైందేమిట్రా?" అన్నాడు.

సుత్తులన్నీ ఆగిపోయాయి.

"పాత ఇల్లు కదా హాజీ, కుంగుతోంది."

"కుంగనీ," అని ఆయన మళ్ళీ పెంకు అందుకున్నాడు.

ఇంకొన్నాళ్ళకి ఆయన తలపాగా పైకప్పు దూలానికి తగిలింది. అందులో పిచ్చుక గూడు కూడా పెట్టింది. లార్బీ మణికట్టు తిన్నబడింది, వేళ్ళలోకి స్పర్శ వచ్చింది. ఓ పొద్దున చొక్కా బొత్తాలు తనే పెట్టుకుని, అది చాలక, వాళ్ళావిడ ముందు విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆ రోజే తోళ్ళ దొంతర జారింది.

లార్బీ ఒక్క ఉదుటున వెళ్ళి హాజీని పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. తోళ్ళు కొట్టంతా పరుచుకున్నాయి. హాజీ ఒక్కొక్కటే తడిమాడు.

"ఏమిట్రా ఇవన్నీ?"

థామీ వంగి తోళ్ళు ఏరసాగాడు. లార్బీయే చెప్పాడు, చేతి సంగతీ, డాక్టరమ్మ సంగతీ, పీట సంగతీ, అన్నీ. "ఆలోచన నాది హాజీ. మేస్త్రీని ఏమీ అనకండి. పంపేస్తే నన్ను పంపెయ్యండి."

ముసలాయన మోకాళ్ళు రుద్దుకున్నాడు. పాఠకులకి నాదొక మనవి. తలపాగా దూలానికి తగలడం, అందులో పిచ్చుక గూడు నేను కల్పించినవి. ఆ దొంతర మామూలు పీట ఎత్తు కూడా దాటలేదు. ఆయన అన్న మాట మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"మీరంతా నేల మీద కూర్చున్నారనే కదరా, ఇన్నాళ్ళూ నేనూ కూర్చుంది!"