పై పోర్షన్ అనుమానితుడు

"నువ్వే హంతకుడివైతే రేపు పొద్దున్నే గది ఖాళీ చెయ్యాలి. అంతే!" అంది నాంచారమ్మ, మేడమెట్లకు అడ్డంగా నిలబడి.

మేడ మీద గదిలో అద్దెకుండే ఓంప్రకాశ్ చేతిలో కూరల సంచి అలాగే ఉండిపోయింది. "అమ్మా, అది సీరియల్. యాక్టింగ్ చేసిన, గంతే."

"ఆ మాత్రం తెలీదేంటి నాకు? కానీ టీవీలో నీ మొహం చూసి, తెల్లారి పాలప్యాకెట్టు దగ్గర మళ్ళీ అదే మొహం చూస్తుంటే గుండె దడదడలాడుతోంది. ఆ ఇన్‌స్పెక్టర్ని ప్రతి శవం దగ్గరికీ జీపులో తీసుకెళ్ళేది నువ్వేగా? ఒక్కసారైనా దారి అడిగావా?"

"డ్రైవర్ వేషమమ్మా. డైరెక్టర్ ఎటు పొమ్మంటే అటు పోయిన."

"ఇవాళే ఆఖరి ఎపిసోడ్. అందులో తేలుతుంది. ఫోన్లో ఎంత వెతికినా దొరకలేదు, టీవీ వాళ్ళు ఇవాళ వేసింది రేపు మళ్ళీ వెయ్యరు. సాయంత్రం కళ్ళారా చూస్తాను."

వరండాలో ఆమె భర్త జోగారావు పేపరు వెనక నుంచి తల ఎత్తలేదు.

తప్పు ఓంప్రకాశ్‌దే. ఆ పాత పోలీసు సీరియల్ మళ్ళీ మొదలైన రోజు "జీపు నడిపేది నేనే" అని ఇంటివాళ్ళకు మిఠాయి పెట్టి మరీ చెప్పుకున్నాడు. చివర్లో బేడీలు ఎవరి చేతికి పడ్డాయో మాత్రం చెప్పలేదు. అవి బిగుతై తన మణికట్టు గీరుకుపోయిన సంగతి ఇప్పటికీ గుర్తే.

గదిలోకి పోయాడు. కూర్చున్నాడు. లేచాడు. యాప్రాల్‌లో ఒక ఇంటికి ఫోన్ చేశాడు.

"ఫ్యామిలీయేనా?"

"ఒక్కన్నే సార్."

అవతల ఫోన్ పెట్టేశారు. బోయిన్‌పల్లిలో ఇంకొకాయన ఆ ప్రశ్న కూడా పూర్తిగా అడగలేదు, గొంతు వినే కనిపెట్టాడు. మెట్టుగూడలో ఏ గేటు చూసినా బోర్డు మీద ఫ్యామిలీలకు మాత్రమే అని రాసుంటుంది. ఈ ఊళ్ళో పెళ్ళాం లేనివాడికన్నా కుక్కకు తొందరగా చోటు దొరుకుతుంది. అందుకేగా, నీళ్ళు ఎక్కువ వాడావనీ, చెప్పులు చప్పుడవుతున్నాయనీ, లుంగీ తీగకు అడ్డంగా ఆరేశావనీ నాంచారమ్మ పొద్దున్న లేస్తే మెట్ల కింద నిలబడి తిట్టినా, "అట్లనే అమ్మా" అని తల వంచుకు పోతున్నాడు.

మళ్ళీ కూర్చున్నాడు. రైలు కూత వినబడితే ఉలిక్కిపడ్డాడు. అన్నం వండి తినకుండా మూత పెట్టాడు.

సాయంత్రమైంది. కింద టీవీలో సీరియల్ మొదలయ్యే పాట వచ్చింది. నాంచారమ్మ సౌండు పెంచింది, మేడ మీదికి వినబడాలనే. ఇన్‌స్పెక్టర్ గొంతు ఖంగుమంది: "హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు!"

ఓంప్రకాశ్ గడ్డం గీసుకునే బ్లేడు తీసుకుని బయటికొచ్చాడు. కేబుల్ వైరు నీళ్ళ ట్యాంకు వెనక నుంచి కిందికి దిగుతుంది. సీరియల్లో అన్ని హత్యలు చేసినవాడు ఇప్పుడు ఒక్క వైరు కొయ్యడానికి అటూ ఇటూ చూసుకున్నాడు.

ఇంకా రెండడుగులు వేయకముందే కింద ఇన్‌స్పెక్టర్ గొంతు టక్కున ఆగిపోయింది.

"అయ్యో, బొమ్మ పోయింది! ఏమండీ!" నాంచారమ్మ కేక.

ఓంప్రకాశ్ తన చేతిలోని బ్లేడు చూసుకున్నాడు. వైరును తను ఇంకా ముట్టుకోనే లేదు. ట్యాంకు వెనక్కి తొంగి చూశాడు.

తెగిన వైరు పక్కన కటింగ్ ప్లేయరు పట్టుకుని, మెట్లెక్కిన ఆయాసంతో రొప్పుతూ జోగారావు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"సార్! మీరా?"

"ష్! మెల్లగా. ఈ సీరియల్ మొదటిసారి వచ్చినప్పుడే చూశానయ్యా. హంతకుడివి నువ్వే."

"తెలిసి సుత వైరు ఎందుకు తెంపిండ్రు సార్?"

"ఏమండీ! ఎక్కడ చచ్చారు?" కేక మెట్ల దాకా వచ్చింది. జోగారావు గబుక్కున ఓంప్రకాశ్ చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వెళ్ళిపోతే ఇక ఆవిడ తిట్టడానికి నేనొక్కణ్ణే మిగుల్తాను కదయ్యా!"