గోడ మీద ఎర్ర చుక్క

"తప్పు నీ నూలుది కాదు తాతమ్మా. నాది."

అనేశాడు త్రినాథ్. అనేసి, అరుగు మీద గుడ్డ కప్పి ఉన్న రాట్నం వంక చూడలేక తన కాలివేళ్ళ వంక చూసుకున్నాడు.

తాతమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఏటన్నావు? మల్లీ సెప్పు."

వినబడక కాదు, పక్కింటివాళ్ళకి కూడా వినబడాలని.

"తప్పు నాదే. మిషను తప్పు చెప్పింది."

"నాను సెప్పనేదేటి!" డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి పద్దెనిమిదేళ్ళదానిలా లేచింది. "నడు. ఈ మాట మీ ఆపీసు పెద్దాయన కాడ సెబుదువు గాని."

పొందూరులో తాతమ్మ నూలంటే ఆషామాషీ కాదు. ఒకసారి ఆవిడ వడికిన పోగులు గాలికెగిరి చూరుకి చుట్టుకుంటే, ఓ సాలీడు అది తను అల్లిందే అనుకుని పిల్లాజెల్లాతో కాపురం పెట్టిందట. ఆ సాలీడు ఇప్పుడు లేదు గాని, చూసినవాళ్ళు ఉన్నారు.

అలాంటి నూలుని, ఖాదీ సంఘంలో నూలు నంబరు తేల్చడానికి కొత్తగా పెట్టిన మిషను అరవై నంబరంది. నంబరు ఎంత పెరిగితే నూలు అంత సన్నం. నలభై ఏళ్ళుగా వంద నంబరు తప్ప వడకని మనిషి, ఆ పూటే రాట్నం మీద గుడ్డ కప్పేసింది. మళ్ళీ దూది ఏకు ముట్టుకోలేదు.

ఆ మిషనుకి ప్రోగ్రాం రాసినవాడు త్రినాథ్.

దారిపొడుగునా తాతమ్మ ఊరుకోలేదు. "ఈ బాబే! మిషనుదే తప్పని ఒప్పుకున్నాడు!" అని ఎదురైనవాళ్ళందరికీ చెప్పింది. తల వంచుకుని వెనకాల నడిచాడు త్రినాథ్.

త్రినాథ్ వాళ్ళ ఆఫీసులో ప్రోగ్రాంలోని ప్రతి చిన్న ముక్కకీ, అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే ఒక టెస్టు రాసి పెడతారు. వాటిని ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలవక్కర్లేదు. ఒక్క మీట నొక్కితే చాలు, కంప్యూటరే ఫోల్డర్ల మూలమూలా గాలించి, ఎవరు రాసిన టెస్టునైనా వెతికి పట్టుకుని నడిపిస్తుంది. గోడ మీది తెరలో టెస్టుకో చుక్క. సరిగ్గా ఉంటే పచ్చ, తప్పితే ఎరుపు.

మిషను ప్రారంభానికి ముందురోజు మధ్యాహ్నం అన్నీ పచ్చగానే ఉన్నాయి. కారియర్ తెచ్చిన అమ్మ రాజకుమారికి గర్వంగా చూపించాడు కూడా.

"ఒక్కటీ ఎరుపు నేదేటిరా?"

"ఒక్కటీ లేదు."

"రేపు ఊరందరికీ ఇదే సూపిస్తావా?"

"ఇదే."

అమ్మ వెళ్ళి, కొత్తగా చేరిన బిందు పక్కన కూర్చుని ఆ పిల్లకి ఇంత పులుసు వడ్డించింది.

మర్నాడు సంఘం పెద్దలు మెట్లెక్కుతుండగా ఆఖరిసారి మీట నొక్కాడు. రెండువందల పన్నెండు పచ్చ చుక్కల మధ్య ఒక్క ఎర్ర చుక్క! అదీ నూలు నంబరు తేల్చే ఫోల్డర్లో.

తెరిచి చూసే వ్యవధి లేదు. కంప్యూటరు గాలించని ఓ మూలకి ఆ టెస్టుని నెట్టేసి, మళ్ళీ నొక్కాడు. అంతా పచ్చ. చప్పట్లు. పొందూరు పంచె కప్పారు. చెప్పులు విప్పి వేదికెక్కుతుంటే, పొద్దున్న అమ్మ అరికాలికి పెట్టిన కాటుక బొట్టు చూసి ముందు వరస ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. అప్పటికి అదే పెద్ద సిగ్గనుకున్నాడు వెర్రివాడు.

తరవాతైనా తెరిచి చూడొచ్చు కదా? ఇవాళ, రేపు అన్నాడు. తాతమ్మ రాట్నం మూసిందని విన్నాక ఇక చూడలేకపోయాడు. తెరిస్తే తన తప్పు పేరూ ఊరూతో సహా కళ్ళబడుతుంది. కప్పిన పంచె మడత విప్పనేలేదు.

ఆఫీసు నడిపే తిరుమలరావు లెక్కల మాస్టారుగా రిటైరైన మనిషి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి అంతా విన్నాడు.

"ఎరుపొస్తే దాచేశావా?"

"దాచేశానండి."

"ఎన్నాళ్ళయింది?"

"ముప్పై నాలుగు రోజులు."

"తెరిచైనా చూశావా?"

"లేదండి. మొహం చెల్లలేదు."

"సున్నా వచ్చిన కాగితం ఇంట్లో దాచిన పిల్లలకి గోడకుర్చీ వేయించేవాణ్ణిరా. నీకేం వెయ్యను?"

"అయితే నా నూలు వందే!" అంది తాతమ్మ. "దండోరా ఎట్టించండి బాబూ. ముతకని నవ్వినోల్లందరూ వినాల."

"సంఘంలో అందరి ముందూ నేనే చెబుతాను తాతమ్మా," అన్నాడు త్రినాథ్. "చెప్పేసి ఉద్యోగం మానేస్తాను మాస్టారూ."

ఆ మాటకి, మూల కంప్యూటరు ముందున్న బిందు కుర్చీలో ఇంకా కిందికి కుంగింది. నిన్నగాక మొన్న చేరిన పిల్ల కూడా తన్ను చూసి సిగ్గుపడుతోందనుకున్నాడు త్రినాథ్.

"మానడం తరవాత. ముందది తెరవాలి," అన్నాడు మాస్టారు. "బిందూ, ఆ టెస్టు పెద్ద తెర మీద పెట్టమ్మా."

బిందు కదల్లేదు.

"ఎట్టు గుంటా, నానూ సూడాల," అంది తాతమ్మ, కుర్చీ ముందుకి లాక్కుని.

బిందు లేచి నిలబడింది. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, త్రినాథ్ కేసి కాదు, తాతమ్మ కేసి చూసింది, జాలిగా.

"అది మిషను తప్పు కాదండి, ఆయన అమ్మగారు నా సేత పెట్టించిన దిష్టి సుక్కండి."