మూడో కేసింగు

పదకొండుకల్లా అవ్వాల్సిన పనులు: టెస్టు గది ఉక్కు తలుపు రెండుసార్లు లాగి చూడాలి. నాలుగు కెమెరాల అద్దాలు తుడవాలి. మంటలార్పేవాళ్ళు పైపులతో సిద్ధంగా ఉండాలి. ఇంజన్‌లో ఒక రెక్క మొదట్లో చిటికెడు మందుగుండు అమర్చాలి. నలభైమందికి భోజనాలు చెప్పాలి. భర్తతో పోట్లాడకూడదు.

ఆఖరిది తప్ప అన్నీ పదిన్నరకే అయిపోయాయి.

ఆవిడ టెస్టింగ్ చీఫ్. కొత్త హెలికాప్టర్ ఇంజన్‌కి కేసింగు, అంటే పైతొడుగు, డిజైన్ చేసింది ఆవిడ భర్త. ఇంజన్ పూర్తి వేగంలో తిరుగుతుండగా ఆవిడ కావాలనే ఒక రెక్క విరగ్గొడుతుంది. ఆ ముక్క ఆయన కేసింగును చీల్చుకుని బయటికి రాకూడదు. ఇప్పటికే రెండు కేసింగులకు చిల్లులు పడ్డాయి. మూడోదీ పోతే ఆయన ఆరేళ్ళు ప్రాణం పెట్టిన ప్రాజెక్టు మూసేస్తారు.

"మేడమ్, వేగం... నిబంధన కంటే ఐదు శాతం ఎక్కువ పెట్టారు," నసిగాడు కంట్రోల్ గదిలో ఆపరేటర్.

"కళ్ళు బాగానే పనిచేస్తున్నాయే! అలాగే ఉంచు."

భర్త దిగ్గున లేచాడు. "చీఫ్ మేడమ్ గారూ, నిబంధనలు రాసినవాళ్ళు పిచ్చివాళ్ళా?"

"మీ కేసింగు మీద మీకే నమ్మకం లేదా, డిజైనర్ గారూ?"

"దానిమీద ఉంది. నీమీదే లేదు!"

గదంతా గొల్లున నవ్వింది. "ఇంట్లో కూర మాడిందేమో," అని గొణిగారెవరో.

"మాడ్చింది ఆయనే," అందావిడ వెనక్కి తిరక్కుండానే.

ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఎందుకోయ్ ఇంత మొండితనం?"

"ఎందుకో మీకు తెలీదూ?"

ఆయన వెళ్ళి కూర్చున్నాడు.

ఇంజన్ ముందు మూలిగింది, తర్వాత ఈలేసింది, తర్వాత గొంతు చించుకుంది. గోడలు ఝుమ్మన్నాయి. బల్లమీది పెన్నులు వాటంతటవే నడుచుకుంటూ వెళ్ళి కిందికి దూకాయి.

"మూడు... రెండు... ఒకటి!"

ఆవిడ మీట నొక్కింది.

ఢాం!

పొగ తేలిపోయేదాకా ఎవరూ ఊపిరి తీసుకోలేదు. అందరి ముక్కులూ టెస్టు గది అద్దానికి అతుక్కున్నాయి. కేసింగు ఒక పక్క బుగ్గ పూరించినట్టు ఉబ్బింది. చిల్లు మాత్రం లేదు.

"ఆగింది! ఆగిందిరోయ్!"

ఆపరేటర్ కుర్చీ ఎక్కి ఈలేశాడు. ఆర్పడానికి మంటే లేక, మంటలార్పేవాళ్ళు సంబరంగా డైరెక్టర్‌గారిని తడిపేశారు. ఆయన ఆ నీళ్ళలోనే బూట్లతో టపటపా గంతులేశాడు.

"ఓడిపోయావోయ్!" అరిచాడు భర్త.

"ఓడిపోయాను!" అంటూ ఆవిడ ఆయన రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పేసింది. పగలబడి నవ్వుతోంది, మధ్యలో కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

"ఇదేం విడ్డూరం? ఓడినావిడ గెంతుతోందేమిటి?" అన్నాడు తడిసిన డైరెక్టర్.

వచ్చే నెల ఆ హెలికాప్టర్ గాల్లోకి లేచాక అందరూ ఈ భార్యాభర్తల్ని పొగుడుతారు.

మీరు మాత్రం దాన్ని తొలిసారి నడపబోయే వాళ్ళమ్మాయిని గుర్తుంచుకోండి.