నడుము కొలత

"మళ్ల తప్పు కొలిచినవ్ రుచితా! పోయిన నెల ముప్పై, ఇయ్యాల ఇరవై ఆరా? సొంత నడుమే కొలుసుకొనుడు రాదు, ఇగ లంగా ఏం కుడ్తవ్?"

కుట్టు నేర్పే ఫకృన్నీసా టేపు గుంజుకొని తనే చుట్టి చూసింది.

ఇరవై ఆరే.

"సరిగ్గ తింటున్నవా?"

"తింటున్న ఆపా. మందుల కంపెనీల పౌడర్ సెక్షన్‌కి మార్చినప్పటి సంది గిట్లనే. నాకంటె ముందు ఆడ చేసిన మంజుల గూడ గిట్లనే సన్నబడ్డదంట."

"ఇప్పుడెట్లున్నది?"

రుచిత ఆపా చేతిలోంచి టేపు తీసుకొని చుట్ట చుట్టసాగింది.

లంగా తయారయ్యాక, దాని నడుముకు రుచిత మొదటిసారి సొంతంగా కుట్టిన హుక్కును ఫకృన్నీసా బ్లేడుతో తెంపింది.

"అయ్యో, మంచిగనే కుట్టిన గద ఆపా!"

"మంచిగనే కుట్టినవ్ బేటీ. నాడ ఎక్కిద్దాం," అంది ఫకృన్నీసా తల ఎత్తకుండా. "నాడైతే ఎంతకైనా బిగించుకోవచ్చు."