దిగేటప్పుడు తోడు

కొండ సగం దిగాక అరుణశ్రీ కుడి మోకాలు మళ్లీ మొరాయించింది.

"చచ్చాన్రా దేవుడా!" అంటూ రోడ్డు పక్కన కూలబడింది.

"తెలుగుపిల్లవా బేటీ?"

తలెత్తి చూసింది. తెల్లగడ్డం, కాన్వాస్ బూట్లు, చంకలో గొడుగు. డెబ్బై ఏళ్లుంటాయేమో.

"అవునంకుల్."

"జర నీ చెయ్యియ్యి. ఈ వాలు దిగాలంటే నాకు భయమైతది."

నొప్పి తనది. సాయం అడుగుతున్నది ఆయన. అంత బాధలోనూ ఆమెకు నవ్వొచ్చింది.

చెయ్యిచ్చింది. ఇద్దరూ మెల్లగా బుకిట్ తిమా కొండ దిగారు.

అవి వై టు కె రోజులు, 2000 రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని అందరూ భయపడ్డ కాలం. పరాయి దేశపు ఆఫీసులో పగలంతా పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేయడం, సాయంత్రం టెక్కా బజారులో ఫోన్ కార్డు కొని అమ్మతో మాట్లాడటం. అందరిదీ అదే బతుకు. అరుణశ్రీకి మాత్రం పొద్దున్నే ఈ కొండ ఉండాలి. పాడేరు కొండల్లో పుట్టిన పిల్ల. చదునైన ఊళ్లో ఆమెకు ఊపిరాడేది కాదు.

పోయినేడాది సముద్రం దాటి సబాలో కొండ పరుగు పందేనికి వెళ్లింది. శిఖరం దాకా ఆడవాళ్లందరికంటే ముందు ఎక్కింది. దిగేటప్పుడు మోకాలు పట్టేసింది. మిగతా కొండ స్ట్రెచర్ మీద దిగింది.

డాక్టరు రెస్టు తీసుకోమన్నప్పుడల్లా తీసుకుంది. నొప్పి పోయేది. పరుగు మొదలుపెట్టగానే చెప్పినట్టు తిరిగొచ్చేది.

"పరుగు మానేసి స్విమ్మింగ్ చెయ్యి," అన్నాడు డాక్టరు చివరికి విసుగ్గా.

ఈసారి పరుగు అక్టోబరులో. కొత్త సంవత్సరం వస్తే ఇక్కడ పని అయిపోతుంది. కంపెనీ ఆ తర్వాత ఎక్కడికి పంపుతుందో తెలియదు. ఆ కొండను తన కాళ్లతో దిగాలంటే ఇదే ఆఖరి అవకాశం.

మర్నాడు ఆమె పరుగున పైకి చేరేసరికి ఆ పెద్దాయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"వచ్చినవా బేటీ? నీకోసమే చూస్తున్న. ఒక్కణ్నే ఎట్ల దిగాల్నో!"

"నేను ట్రైనింగులో ఉన్నానంకుల్. పరిగెత్తుతూ దిగాలి."

"అట్లనా. పో బేటీ, పో. నేను ఎవరన్న వచ్చేదాక కూసుంట."

ఆ మాట అన్నాక ఎలా వెళ్తుంది? చెయ్యిచ్చింది.

రోజూ అదే తంతు. ఎక్కడం పరుగు, దిగడం నడక. ఆయన పేరు అబ్దుల్ ఖాదిర్. మలక్‌పేట నుంచి ఇక్కడి బిషాన్‌లో ఉంటున్న కూతురింటికి వచ్చాడట.

"నీ అంగలు నాకు అందవమ్మా. జర చిన్న చిన్న అడుగులెయ్యి," అనేవాడు. ఆమె చిన్న అడుగులు వేసేది.

దారంతా కబుర్లే. ఆయన మలక్‌పేటలో చిన్నప్పుడు ఎగరేసిన గాలిపటాల గురించి చెప్పేవాడు. ఆమె బడికి వెళ్తూ తోటల్లో కోసుకు తిన్న కాఫీ పళ్ల గురించి చెప్పేది.

"తియ్యగుంటయా?"

"గింజ చేదు, పైన గుజ్జు తీపి. మంచు పడ్డ రోజు ఇంకా తీపి అంకుల్."

"ఇక్కడ మంచేది బేటీ! చెమటే."

ఇద్దరూ నవ్వుకునేవారు. కొమ్మ మీది కోతులు తొంగిచూసేవి.

ఒకసారి ఆమెకు ఏడుపొచ్చినంత పనయింది. "పరుగు దగ్గరపడుతోంది. ఒక్కరోజు కూడా దిగుతూ పరిగెత్తలేదు. నేను ఓడిపోతానంకుల్!"

ఆయన ఆమె చెయ్యి వదల్లేదు.

"ముసలోని మీద కోపం చెయ్యకు. రేపట్నుంచి జర జల్దీ నడుస్త."

అన్నట్టే వేగం పెంచాడు. అడుగులు చిన్నవే, వేగం ఎక్కువ. రాన్రాను అది నడకో పరుగో తెలియకుండా పోయింది. మోకాలి సంగతి ఆమె మరిచిపోయింది.

సబా వెళ్లే ముందురోజు చెప్పింది. "వారం ఉండనంకుల్. మీరు ఒక్కరే దిగకండి, నా మీద ఒట్టు."

"దిగ బేటీ. నువ్వు దిగిరా," అని తల మీద చెయ్యి పెట్టాడు.

ఆ ఆదివారం అరుణశ్రీ శిఖరం తాకి, వెనక్కి తిరిగి, చిన్న చిన్న అడుగులతో కొండంతా దిగింది. మూడో స్థానం వచ్చింది. మోకాలు కిక్కురుమనలేదు.

తిరిగొచ్చిన మర్నాడు మెడల్ జేబులో వేసుకుని కొండెక్కింది. బెంచీ ఖాళీ. ఆ మర్నాడూ ఖాళీ. తర్వాతి రోజు ఒకావిడ కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మీరు అరుణశ్రీ కదా? నేను ఆనమ్. ఖాదిర్ సాబ్ బిడ్డను. మీకు చెప్పాలని వచ్చిన. అబ్బా పోయిన శుక్రవారం పోయిన్రు."

అరుణశ్రీ ఆవిడ పక్కనే కూలబడింది.

"ఒక్కరే దిగుతూ పడిపోయారా? నేను వెళ్లకుండా ఉండాల్సింది. వాలంటే ఆయనకు అంత భయం కదండీ!"

ఆనమ్ తెల్లబోయి చూసింది.

"పడుడేంది? నిద్రల పోయిన్రు. మా అబ్బాకు వాలంటే భయమా? ఆర్మీల ఉన్నన్ని ఏండ్లు కశ్మీర్‌ల జవాన్లకు కొండలు దిగుడు నేర్పిన మనిషి!"

అరుణశ్రీ చెయ్యి జేబులోని మెడల్ మీద ఆగిపోయింది.

ఆనమ్ కళ్లు తుడుచుకుని మెల్లగా అంది.

"రోజూ ఇంటికొచ్చి చాయ్ తాగుకుంట నవ్వేటోరు, 'ఇయ్యాల గూడ ఆ పిల్ల చెయ్యి ఇడువలే, మోకాలు ఖరాబ్ చేసుకోనియ్యలే' అని."